‘లో’, ‘లా’, ‘లే’: స్పానిష్ కర్మ సర్వనామాల చర్చ ఎక్కడిదాకా వచ్చింది?

హ్వాన్‌ను నిన్న చూశామని చెప్పాలి. బొగొతాలో ‘లో బీ’ అంటారు. మాడ్రిడ్‌లో చాలామంది నోట ‘లే బీ’ అని వస్తుంది. బ్వేనోస్ ఐరెస్‌లో హ్వాన్ పేరు చెబుతూనే సర్వనామాన్ని కూడా చేర్చి ‘లో బీ ఆ హ్వాన్’ అంటారు. ముగ్గురిదీ స్పానిషే, ముగ్గురూ చెప్పిందీ ఒకటే. క్రియ పక్కన నిలిచే ఆ చిన్న సర్వనామం దగ్గరే వాళ్ల దారులు వేరయ్యాయి.

ఈ తేడాల మీద స్పానిష్ వ్యాకర్తలు రెండున్నర శతాబ్దాలుగా వాదించుకుంటున్నారు. మొదట అది తప్పొప్పుల తగువు. తర్వాత చరిత్రకారులు వచ్చి మూలాలు తవ్వారు. మాండలిక పరిశోధకులు పల్లెలు తిరిగి మాటలు సేకరించారు. వాక్యనిర్మాణ సిద్ధాంతకర్తలు ఇవి అసలు సర్వనామాలేనా అని అడిగారు. భాషాబోధకులు వీటిని నేర్పే పద్ధతి మీద ప్రయోగాలు చేశారు. ఒక్కొక్కరు ఒక్కో పరిభాష వాడటంతో చర్చ చిక్కుపడింది.

ఆ చిక్కు విప్పడానికి ఒక ప్రశ్న పట్టుకుంటే చాలు. ఈ సర్వనామం వినేవాడికి ఏ సమాచారం అందిస్తోంది? దీనికి మూడు జవాబులున్నాయి. పనిలో ఆ వ్యక్తి లేదా వస్తువు పాత్ర ఏమిటో చెబుతోందన్నది మొదటిది. అది ఎలాంటిదో, అంటే పురుషుడా స్త్రీయా, ప్రాణా వస్తువా, లెక్కపెట్టగలిగేదా కాదా అన్నది చెబుతోందన్నది రెండోది. అది వినేవాడికి ముందే తెలిసినదని గుర్తు చేస్తోందన్నది మూడోది. మొదటిదాన్ని పాత్ర అని, రెండోదాన్ని స్వభావం అని, మూడోదాన్ని పరిచయం అని ఈ వ్యాసంలో పిలుచుకుందాం. స్పానిష్ ఈ మూడు బాధ్యతలనూ ఒకే చిన్న మాట మీద పెట్టింది. వాటిలో దేనికి పెద్దపీట వేయాలన్నది మాత్రం స్పానిష్ లోకమంతటా ఒక్క తీరుగా ఎన్నడూ లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

పాఠ్యపుస్తకంలోని వ్యవస్థ

ఉత్తమ, మధ్యమ పురుషల్లో గొడవ లేదు. ‘మే’ అంటే నన్ను, నాకు కూడా. ‘తే’ అంటే నిన్ను, నీకు కూడా. ‘నోస్’ మమ్మల్ని, మాకు. స్పెయిన్‌లో వాడే ‘ఓస్’ బహువచనంలో మధ్యమ పురుషకు. ప్రత్యక్ష కర్మకూ పరోక్ష కర్మకూ వీటిలో తేడా లేదు.

ప్రథమ పురుషకు వచ్చేసరికి రెండు వరసలు ఏర్పడతాయి. ప్రత్యక్ష కర్మకు ‘లో’, ‘లా’, బహువచనంలో ‘లోస్’, ‘లాస్’. పరోక్ష కర్మకు ‘లే’, ‘లేస్’. మొదటి వరస లింగం చెబుతుంది, రెండోది చెప్పదు. పుస్తకం స్పానిష్‌లో పుంలింగం కాబట్టి ‘లో కొంప్రే’, అంటే దాన్ని కొన్నాను. బల్ల స్త్రీలింగం కాబట్టి ‘లా కొంప్రే’. ఒక విషయాన్ని మొత్తంగా సూచించాల్సి వస్తే నపుంసకపు ‘లో’ ఉంది: ‘నో లో సే’, అది నాకు తెలియదు. మర్యాదగా ‘మీరు’ అని పిలిచే ‘ఉస్తెద్’కు కూడా ప్రథమ పురుష రూపాలే వస్తాయి. అందువల్ల ‘లా బేఓ’ అన్న వాక్యానికి సందర్భాన్ని బట్టి ఆమెను చూస్తున్నాను అనీ, మిమ్మల్ని చూస్తున్నాను అనీ అర్థాలు.

నామవాచకం వైపు ఇంకో సంగతి ఉంది. ప్రత్యక్ష కర్మ వస్తువైతే దానికి ఏ గుర్తూ ఉండదు: ‘బేఓ లా కాసా’, ఇల్లు చూస్తున్నాను. ఫలానా మనిషైతే ముందు ‘ఆ’ చేరుతుంది: ‘బేఓ ఆ మరీయా’, మరీయాను చూస్తున్నాను. తెలుగువారికి ఇది కొత్త కాదు. మనం కూడా ‘పుస్తకం చూశాను’ అంటాం గాని ‘మరీయా చూశాను’ అనం. కర్మను దాని స్వభావం బట్టి వేరువేరుగా గుర్తించే ఈ లక్షణం ప్రపంచంలో చాలా భాషల్లో ఉంది. గేయోర్గ్ బొసొంగ్ 1980లలో దానికి పెట్టిన పేరు భాషాశాస్త్రంలో స్థిరపడింది.

అయితే తెలుగులో ‘మరీయాను’, ‘మరీయాకు’ వేరు. స్పానిష్‌లో రెండింటికీ ‘ఆ మరీయా’యే. మనుషుల విషయంలో నామవాచకం దగ్గర చెరిగిపోయిన ఈ తేడా సర్వనామం దగ్గర మాత్రమే మిగిలింది. ‘లా’ అంటే ఆమెను, ‘లే’ అంటే ఆమెకు. ఆధారం అంత సన్నగా మిగిలినచోటే ఊగిసలాట మొదలైంది.

లాటిన్ ఇచ్చిన ఆస్తి

ఈ రూపాలన్నీ ‘ఆ’, ‘అతడు’ అనే అర్థంలో లాటిన్ వాడిన ‘ఇల్లె’ నుంచి వచ్చాయి. కర్మార్థకమైన ‘ఇల్లుమ్’, ‘ఇల్లామ్’, ‘ఇల్లోస్’, ‘ఇల్లాస్’ వరసగా ‘లో’, ‘లా’, ‘లోస్’, ‘లాస్’ అయ్యాయి. సంప్రదానార్థకమైన ‘ఇల్లీ’, ‘ఇల్లీస్’ నుంచి ‘లే’, ‘లేస్’ వచ్చాయి. లాటిన్ నామవాచకాల విభక్తులు స్పానిష్‌లో అంతరించాయి. ప్రథమ పురుష సర్వనామంలో మాత్రం వాటి ఆనవాలు నిలిచింది.

ఈ వారసత్వాన్ని అలాగే నిలుపుకున్న వాడుకను వ్యుత్పత్తి వ్యవస్థ అంటారు. ఆందలూసియాలో చాలా భాగం, కనరీ దీవులు, అమెరికా ఖండాల్లో అధిక ప్రాంతం దీన్నే పాటిస్తాయి. దీని నుంచి తొలగే వాడుకలకు మూడు పేర్లున్నాయి. ప్రత్యక్ష కర్మకు ‘లే’ వాడితే లేయీస్మో: ‘లే బీ’, అతన్ని చూశాను. పరోక్ష కర్మ స్త్రీ అయినప్పుడు ‘లా’ వాడితే లాయీస్మో: ‘లా దీహే కే సీ’, ఆమెకు సరేనని చెప్పాను. పరోక్ష కర్మకు ‘లో’ వాడితే లోయీస్మో. ఈ మూడింటిలో లేయీస్మో విస్తృతం, లాయీస్మో మధ్య, ఉత్తర స్పెయిన్‌లోని కొన్ని ప్రాంతాలకు పరిమితం, లోయీస్మో అరుదు.

లేయీస్మో ఇటీవలి అలవాటు కాదు. మధ్యయుగపు కస్తీయ రాతల్లోనే కనిపిస్తుంది. రాజదర్బారు 1561లో మాడ్రిడ్‌కు మారాక అక్కడి వాడుకకు ప్రతిష్ఠ పెరిగింది. సెర్బాంతెస్, లోపే దే బేగా, కెబేదో వంటి స్వర్ణయుగ రచయితల రాతల్లో ‘లే’ విరివిగా దొరుకుతుంది, మాడ్రిడ్ రచయితల్లో లాయీస్మో కూడా ఉంది. తరవాతి వ్యాకర్తలకు ఇదే ధర్మసంకటం. లాటిన్ మూలం ఒక దారి చూపుతుంటే గొప్ప రచయితలు మరో దారిలో నడిచారు.

వ్యాకర్తల తగువు

1713లో ఏర్పడిన రియల్ అకాడెమియా ఎస్పాన్యోలా తన తొలి వ్యాకరణాన్ని 1771లో ప్రచురించింది. లాయీస్మో విషయంలో ఆరంభంలో దానికి అభ్యంతరం లేదు. 1796 కూర్పులో వైఖరి మార్చుకుని, పరోక్ష కర్మకు ‘లా’ వాడటాన్ని తప్పుగా తేల్చింది. పుంలింగ ప్రత్యక్ష కర్మకు మాత్రం చాలాకాలం ‘లే’ వైపే మొగ్గింది. మూలం ప్రకారం సరైన ‘లో’కు సమాన గౌరవం దక్కడానికి 19వ శతాబ్దం రావలసి వచ్చింది.

ఈ నడుమ రాజీమార్గాలు పుట్టాయి. బిసెంతే సల్బా 1830లో వెలువరించిన వ్యాకరణంలో మనుషులకు ‘లే’, వస్తువులకు ‘లో’ అనే విభజనను సమర్థించాడు. అతని లెక్కలో పాత్ర కన్నా స్వభావం ముఖ్యం. వెనెజ్వేలాలో పుట్టిన ఆంద్రేస్ బేయో 1847లో చిలీలో, అమెరికన్ల కోసమని పేరులోనే ప్రకటిస్తూ తన వ్యాకరణాన్ని తెచ్చాడు. స్పానిష్‌కు ప్రమాణం మాడ్రిడ్ ఒక్కటే కాదన్న స్పృహకు ఆ పుస్తకం బలమిచ్చింది. కొలంబియా పండితుడు రుఫీనో హోసే క్వెర్బో 1895లో ఈ సర్వనామాల మీద రాసిన వ్యాసం చర్చ తీరునే మార్చింది. ఏది సరైనదని కాక, ఇలా ఎందుకు జరిగిందని అతను అడిగాడు.

నేటి అధికారిక వైఖరి 2005 నాటి సందేహనివృత్తి నిఘంటువులో, 2009 నాటి కొత్త వ్యాకరణంలో ఉంది. పురుషుణ్ణి ఏకవచనంలో సూచించే ‘లే’ను చదువుకున్నవారి వాడుకగా ఆమోదించారు. బహువచనంలో ‘లేస్’ను ప్రోత్సహించలేదు. వస్తువులకు ‘లే’నూ, లాయీస్మో, లోయీస్మోలనూ ప్రామాణిక భాష వెలుపలే ఉంచారు. మర్యాదగా మాట్లాడేటప్పుడు ‘ఉస్తెద్’ను ‘లే’తో సూచించడం, ‘సే లే బీయో’ వంటి కర్త లేని వాక్యాల్లో ‘లే’ రావడం లేయీస్మో లేని ప్రాంతాల్లోనూ ఉన్నాయి కాబట్టి వాటి పట్ల ఉదారంగా ఉన్నారు.

వ్యావహారికంగా ఈ తీర్పు పనికొస్తుంది. పురుషుడికి ఒప్పయిన ‘లే’ స్త్రీకి, వస్తువుకు ఎందుకు కాదన్న ప్రశ్నకు జవాబు మాత్రం ప్రతిష్ఠ గల వాడుకలోనే ఉంది, వ్యాకరణ తర్కంలో లేదు.

‘లే’ ఎందుకు విస్తరించింది: నాలుగు వివరణలు

మొదటిది సాదృశ్య వాదం. క్వెర్బో చూపిన దారి ఇది. ‘మే’, ‘తే’ రెండు పాత్రలకూ ఒకటే రూపం. వాటి పోలికలో ‘లే’ కూడా రెండు పాత్రలకూ వ్యాపించిందంటాడు. పైగా మధ్యయుగపు మాటల్లో ‘లే’ చివరి అచ్చు రాలిపోయి ఉత్త ‘ల్’గా మిగలడం సాధారణం. అలాంటిచోట రూపాలు కలగలిసే అవకాశం ఎక్కువ.

రెండోది స్వభావ వాదం. రఫాయెల్ లపేసా 1968లో ఈ పరిణామాన్ని విస్తారంగా సమీక్షించాడు. పాత విభక్తి భేదం బలహీనపడి, దాని స్థానంలో లింగభేదం, మనిషికీ వస్తువుకూ మధ్య భేదం బలపడ్డాయన్నది ఈ వాదపు సారం. పురుషుడికి ‘లే’, స్త్రీకి ‘లా’, వస్తువుకూ విషయానికీ ‘లో’ అన్న పంపకం వైపు భాష జరుగుతోందని ఇది చెబుతుంది. లేయీస్మో, లాయీస్మో రెండూ ఒకే కదలికకు రెండు ముఖాలవుతాయి.

మూడోది అర్థ వాదం. ఎరికా గార్సియా 1975లో వెలువరించిన గ్రంథంలో ‘లే’, ‘లో’ల ఎంపికను యాంత్రికమైన విభక్తి నియమంగా చూడలేదు. పనిలో ఆ వ్యక్తి ఎంత చురుగ్గా పాల్గొన్నాడన్నది అందులో తెలుస్తుందని వాదించింది. భయపెట్టడం అనే అర్థమున్న ‘అసుస్తార్’ వంటి క్రియల్లో ఇది బాగా కనిపిస్తుంది. ఒకడు కావాలని అతన్ని భయపెడితే ‘లో’ మొగ్గు. ఏదో ఒక విషయం తలచుకుని అతనికి భయం వేస్తే ‘లే’ మొగ్గు. వ్యుత్పత్తి వ్యవస్థ గట్టిగా ఉన్న ప్రాంతాల్లో కూడా ఈ ఊగిసలాట ఉండటం ఈ వాదానికి బలం.

నాలుగోది మాండలిక వాదం. ఇనేస్ ఫెర్నాందెస్ ఓర్దోన్యెస్ 1990 నుంచి గ్రామీణ స్పెయిన్‌లో వయసు మళ్లినవారి మాటలను రికార్డు చేయిస్తూ ఒక పెద్ద భాండాగారాన్ని నిర్మించింది. ఆమె పరిశోధనలో తేలిన సంగతి ఆశ్చర్యకరం. కస్తీయలోని కొన్ని ప్రాంతాల్లో సర్వనామాన్ని నిర్ణయించేది పాత్ర కాదు, ఆ నామవాచకం లెక్కపెట్టదగినదా కాదా అన్నది. పాలు, పిండి, ఎండుగడ్డి లాంటి రాశులకు వాటి లింగం ఏదైనా ‘లో’యే. ప్రామాణిక స్పానిష్‌లో పాలకు, అంటే ‘లేచే’కు, ‘లా’ రావాలి. ఇక్కడ ‘లో’ వస్తుంది. లెక్కపెట్టగలిగే పుంలింగానికి ‘లే’, స్త్రీలింగానికి ‘లా’. బయటినుంచి చూస్తే లేయీస్మో, లాయీస్మో, లోయీస్మో మూడూ కలగాపులగంగా కనిపించే మాటల్లో లోపల చక్కని క్రమం ఉంది. ఉత్తరాన అస్తూరియా మాటల్లోనూ రాశులకు ప్రత్యేక గుర్తు ఉండటంతో, ఈ వ్యవస్థ పొరుగు భాషల సంపర్కంలో రూపుదిద్దుకుందని ఆమె ప్రతిపాదించింది.

నాలుగింటినీ పక్కపక్కన పెడితే ఇలా తేలుతుంది:

- సాదృశ్య వాదం: రూపాల పోలికను బాగా వివరిస్తుంది. ‘లే’ స్త్రీల కన్నా పురుషులకే ఎక్కువగా ఎందుకు వచ్చిందో చెప్పలేదు.
- స్వభావ వాదం: నగర ప్రామాణిక లేయీస్మోకు సరిపోతుంది. పాలకు ‘లో’ వాడే పల్లెల ముందు నిలవదు.
- అర్థ వాదం: ఒకే వక్త ఒకే క్రియతో రెండు రూపాలూ వాడటాన్ని వివరిస్తుంది. ప్రాంతాన్ని బట్టి స్థిరపడ్డ తేడాలకు దాని దగ్గర జవాబు తక్కువ.
- మాండలిక వాదం: ప్రాంతీయ క్రమాలను స్పష్టంగా పట్టుకుంటుంది. సంపర్కం వల్లే ఇవి పుట్టాయన్న భాగం శతాబ్దాల వెనక్కు వెళ్లే ఊహ కావడంతో దాని మీద చర్చ సాగుతోంది.

ఇవి ఒకదాన్నొకటి కొట్టేసేవి కావు. లేయీస్మో అన్న ఒక్క పేరు కింద నాలుగైదు వేర్వేరు వ్యవస్థలను చేర్చి, వాటన్నిటికీ ఒక్క కారణం వెతకడమే ఇంతకాలం జరిగిన పొరపాటు.

ఇతర భాషలు తాకినచోట

బాస్క్ దేశంలో మనుషులకు స్త్రీపురుష భేదం లేకుండా ‘లే’ వాడతారు. వస్తువులను సూచించాల్సినచోట సర్వనామాన్నే వదిలేస్తారు. కెచువా ప్రభావం ఉన్న ఎక్వదోర్ కొండప్రాంతంలో ‘లే’ వ్యాపించింది. రాజధాని కీతోలో తెలిసిన వస్తువును కూడా సర్వనామం లేకుండా వదిలేయడాన్ని మార్గరీటా సున్యేర్, మరీయా యేపెస్ 1988లో వివరించారు. గ్వారనీ వినిపించే పరగ్వాయ్‌లో కూడా లేయీస్మో బలంగా ఉంది. ఆండీస్ పర్వతాల్లోని కొన్ని సమాజాల్లో లింగ వచనాలతో పని లేకుండా అన్నిటికీ ‘లో’ ఒక్కటే వాడటం కనిపిస్తుంది.

బాస్క్, కెచువా రెండింటిలోనూ వ్యాకరణ లింగం లేదు. తెలిసిన కర్మను పైకి చెప్పకుండా వదిలేయడం రెండింటిలోనూ సహజం. ఆ భాషలు మాట్లాడేవారు స్పానిష్‌ను తమదిగా చేసుకున్నప్పుడు లింగభేదం సడలి, సర్వనామం జారిపోయింది. రెండో భాషగా నేర్చుకునేవారి తప్పులు అనుకునేవి తరాలు గడిచాక ఒక ప్రాంతపు వ్యాకరణంగా స్థిరపడగలవని ఇక్కడ రుజువవుతుంది.

క్రియకు ముందా, వెనకా?

స్థానం విషయంలో నేటి నియమం తేట. కాలం, పురుష చెప్పే క్రియకు ముందు సర్వనామం వస్తుంది: ‘లో కొంప్రో’, దాన్ని కొంటున్నాను. తుమున్నర్థకం, శత్రర్థకం, విధి రూపాలకు వెనక అతుక్కుంటుంది: ‘దామేలో’, దాన్ని నాకివ్వు. వద్దని చెప్పేటప్పుడు మళ్లీ ముందుకు వస్తుంది: ‘నో మే లో దేస్’, దాన్ని నాకివ్వకు.

మధ్యయుగాల్లో లెక్క వేరు. అప్పట్లో సర్వనామం వాక్యాన్ని మొదలుపెట్టకూడదు. ముందు వేరే మాట లేకపోతే క్రియే ముందుకొచ్చి సర్వనామం దాని వెనక చేరేది. పాత రొమాన్స్ భాషల్లోని ఈ నియమాన్ని 19వ శతాబ్దం చివర గుర్తించిన టోబ్లర్, ముసాఫియాల పేరుతో పిలుస్తారు. అంటే అప్పటి స్థానాన్ని వాక్యం నిర్ణయించేది, ఇప్పుడు క్రియారూపం నిర్ణయిస్తోంది. సర్వనామం వాక్యంలో స్వతంత్రత పోగొట్టుకుని క్రియకు అంటుకుపోయిందనడానికి ఇది పెద్ద సాక్ష్యం.

ఒకచోట మాత్రం నేటికీ రెండు దారులున్నాయి. దాన్ని చూడాలనుకుంటున్నాను అనడానికి ‘క్యేరో బేర్లో’ అన్నా, ‘లో క్యేరో బేర్’ అన్నా ఒప్పే. మార్క్ డేవిస్ 1995లో పెద్ద పాఠసేకరణల మీద చేసిన అధ్యయనంలో, సర్వనామాన్ని ముందుకు తెచ్చే పద్ధతి రాతలో కన్నా మాటల్లో ఎక్కువని తేలింది. ఏ క్రియలు దీన్ని ఒప్పుకుంటాయి, ఏవి ఒప్పుకోవన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు.

సర్వనామమా, క్రియా ప్రత్యయమా?

సిద్ధాంతకర్తలు ఎక్కువగా తలపడ్డది ఇక్కడే. సర్వనామం అంటే నామవాచకానికి బదులు వచ్చేది. అలాగైతే ‘లో బీ ఆ హ్వాన్’లో హ్వాన్ ఉండగా ‘లో’ ఎందుకు?

రిచర్డ్ కేన్ 1975లో ఫ్రెంచి ఆధారంగా, ఈ మాటలు కర్మ స్థానంలో పుట్టి క్రియ దగ్గరికి కదులుతాయన్నాడు. ఫ్రెంచిలో నామవాచకం, సర్వనామం మామూలుగా కలిసి రావు కాబట్టి వాదం కుదిరింది. స్పానిష్‌లో కుదరలేదు. హ్వాన్‌కు పుస్తకం ఇస్తున్నాను అనేటప్పుడు ‘లే దోయ్ ఎల్ లీబ్రో ఆ హ్వాన్’ అని పరోక్ష కర్మను రెండుసార్లు చెప్పడం స్పానిష్ లోకమంతటా మామూలే. ప్రత్యక్ష కర్మ నొక్కిచెప్పే సర్వనామమైతే ‘లో బీ ఆ ఎల్’ అని రెండుసార్లు చెప్పడం అన్నిచోట్లా తప్పనిసరి. కర్మను వాక్యం ముందుకు తెస్తే, ‘ఎల్ లీబ్రో లో కొంప్రే అయేర్’, ఆ పుస్తకం నిన్న కొన్నాను అన్నట్టు, ‘లో’ ఉండి తీరాలి.

నామవాచకం తన సహజ స్థానంలోనే ఉండగా ‘లో’ చేరడం మాత్రం ముఖ్యంగా రియో దే లా ప్లాతా ప్రాంతపు లక్షణం. నామవాచకం ముందు ‘ఆ’ ఉంటేనే ఇది సాధ్యమన్న సూత్రాన్ని కేన్ పేరుతో ఓస్వాల్దో యేగ్లి 1982లో చర్చించాడు. 1988లో సున్యేర్ దీన్ని ప్రశ్నించింది. ‘ఆ’ అక్కర్లేదు, ఆ నామవాచకం ఫలానా అని నిర్దిష్టమైనదైతే చాలునని బ్వేనోస్ ఐరెస్ వాడుకతో చూపింది. ఆమె దృష్టిలో ‘లో’ అంటే కర్మతో క్రియ పొందే అన్వయానికి గుర్తు. పరిచయమే ప్రధానమన్న మూడో జవాబుకు ఇది గట్టి రూపం.

తెలుగు క్రియ చివర కర్త జాడ ఉంటుంది: వచ్చాడు, వచ్చింది. కర్మ జాడ ఉండదు. స్పానిష్ క్రియ కర్త జాడను చివర మోస్తూ, కర్మ జాడను ముందు మోసే దిశగా కదులుతోందన్నది అన్వయ వాదుల మాట. అవతలి పక్షానికీ బలమైన ఆధారాలున్నాయి. ఇంకా ఎక్కువ ప్రాంతాల్లో మామూలు ప్రత్యక్ష కర్మకు ‘లో’ జోడించరు. అదనంగా, సర్వనామం ముందుకూ వెనక్కూ కదిలే స్వేచ్ఛ నిజమైన ప్రత్యయానికి ఉండదు. పరోక్ష కర్మ విషయంలో మార్పు దాదాపు పూర్తయింది. ప్రత్యక్ష కర్మ విషయంలో ప్రాంతాన్ని బట్టి సగం దారిలో ఉంది. ఉన్న ఆధారాలు ఇంతవరకే చెప్పనిస్తాయి.

రెండు సర్వనామాలు కలిసినప్పుడు

పరోక్ష, ప్రత్యక్ష సర్వనామాలు రెండూ వస్తే పరోక్షం ముందుంటుంది. ప్రథమ పురుషలో ‘లే లో’ అనరు, ‘సే లో’ అంటారు. రెండు ‘ల’కారాలు పక్కపక్కన బాగుండవు కాబట్టి ఇలా మారిందని పాఠాల్లో చెబుతుంటారు. చరిత్ర చెప్పేది వేరు. లాటిన్ ‘ఇల్లీ ఇల్లుమ్’ ధ్వని మార్పులతో పాత స్పానిష్‌లో ‘జె లో’కు దగ్గరి ఉచ్చారణ పొందింది. తర్వాత ఆ మొదటి మాట ఆత్మార్థకమైన ‘సే’తో కలిసిపోయింది.

ఈ ‘సే’కు వచనం లేకపోవడం కొత్త మార్పుకు దారితీసింది. ఆ పుస్తకాన్ని వాళ్లకు ఇచ్చాను అనడానికి మెహికోలోనూ, అమెరికాలోని చాలా ప్రాంతాల్లోనూ ‘సే లోస్ దీ’ అంటారు. పుస్తకం ఒక్కటే, పుచ్చుకున్నవారు పలువురు. పుచ్చుకున్నవారి బహువచనం పుస్తకపు సర్వనామం మీద వాలింది. మెహికో పరిశోధకురాలు కొన్సెప్సియోన్ కొంపానీ దీన్ని, పరోక్ష కర్మ ప్రత్యక్ష కర్మ చోటును ఆక్రమించే దీర్ఘకాలిక ధోరణిలో భాగంగా చూసింది. మాట వినేవారికి వస్తువు కన్నా మనిషి ముఖ్యమన్నది ఈ వివరణకు మూలం.

సర్వనామాల వరస ఎందుకు ఇంత బిగువుగా ఉందన్నది మరో ప్రశ్న. డేవిడ్ పెర్ల్‌మటర్ 1971లో దీన్ని వాక్యపు పైరూపం మీది కట్టడిగా వివరించాడు: ‘సే’, ఆపై మధ్యమ పురుష, ఆపై ఉత్తమ పురుష, చివర ప్రథమ పురుష. కట్టడి ఉందని అందరూ ఒప్పుకుంటారు. అది వాక్యనిర్మాణానిదా, పదనిర్మాణానిదా అన్నది తేలలేదు.

నేర్పడంలోని వాదం, తెలుగువారి దారి

బిల్ వాన్‌పాటెన్ 1980ల నుంచి ఒక ఇబ్బందిని చూపుతూ వచ్చాడు. ఇంగ్లిష్ మాతృభాషగా గలవారు ‘లా యామా హ్వాన్’ అన్న వాక్యంలో మొదటి మాటనే కర్త అనుకుంటారు. ఆమె హ్వాన్‌ను పిలుస్తోందని తిప్పి అర్థం చేసుకుంటారు. అసలు అర్థం హ్వాన్ ఆమెను పిలుస్తున్నాడని. 1993లో తెరేసా కాదియెర్నోతో కలిసి చేసిన ప్రయోగంలో, ముందుగా వాక్యాన్ని సరిగ్గా గ్రహించే అభ్యాసం ఇచ్చినవారు గ్రహణంలోనూ ప్రయోగంలోనూ మెరుగుపడ్డారనీ, వాక్యాలు కట్టించే సంప్రదాయ పద్ధతివారు ప్రయోగంలోనే మెరుగుపడ్డారనీ నివేదించాడు. 1996లో రాబర్ట్ డికైజర్, కార్ల్ సొకల్‌స్కీ దీనితో విభేదించారు. ఏ నైపుణ్యం సాధన చేస్తే అదే పెరిగే ధోరణి ఉందనీ, నేర్పే అంశాన్ని బట్టి ఫలితం మారుతుందనీ అన్నారు. రెండు రకాల అభ్యాసమూ కావాలన్నది ఈ చర్చ నుంచి తీసుకోదగిన పాఠం.

తెలుగు నుంచి స్పానిష్‌కు వెళ్లేవారి చిక్కులు వేరు. ‘ఆమెను హ్వాన్ పిలుస్తున్నాడు’ అనడం మనకు సహజం. కర్మ ముందు రావడం, క్రియకు ముందే ఉండటం మనల్ని తికమక పెట్టనక్కర్లేదు. ‘ని’, ‘కి’ తేడా నిత్యం వాడే మనకు ‘లో’, ‘లే’ తేడాకు పునాది సిద్ధంగా ఉంది. ఇబ్బంది మూడుచోట్ల పొంచి ఉంటుంది.

ఒకటి, లింగం. బల్లనూ పుస్తకాన్నీ మనం ‘దాన్ని’ అనే అంటాం. స్పానిష్‌లో ‘లా’, ‘లో’ వేరు.

రెండు, వదిలేయడం. ‘ఆ పుస్తకం కొన్నావా?’ అంటే ‘కొన్నాను’ అంటాం. స్పానిష్‌లో ‘సీ, లో కొంప్రే’ అనాలి. కాఫీ కొన్నావా అని నిర్దిష్టం కాని రాశి గురించి అడిగితేనే ఉత్త ‘సీ, కొంప్రే’ చెల్లుతుంది.

మూడు, క్రియల పొత్తు కుదరకపోవడం. దీనికి జాబితా పెట్టుకోవడమే మార్గం:

- అతనికి సాయం చేశాను: ‘లో అయుదే’. తెలుగులో ‘కి’, స్పానిష్‌లో ప్రత్యక్ష కర్మ.
- ఆమెకు ఫోన్ చేశాను: ‘లా యమే’. ఇదీ అంతే.
- అతని కోసం ఎదురుచూశాను: ‘లో ఎస్పెరే’. ‘కోసం’ అన్నచోట ప్రత్యక్ష కర్మ.
- అతన్ని అడిగాను: ‘లే ప్రెగుంతే’. తెలుగులో ‘ని’, స్పానిష్‌లో పరోక్ష కర్మ.
- ఆమెతో చెప్పాను: ‘లే దీహే’. ‘తో’ అన్నచోట పరోక్ష కర్మ.

ఇంగ్లిష్ మాధ్యమంలో తయారైన పాఠ్యపుస్తకాలు ఈ మూడింటిలో మొదటిదాన్నే పట్టించుకుంటాయి. మనకు అక్కర్లేని మెలకువలు నేర్పి, కావలసినవి వదిలేస్తాయి.

తేలినవి, తేలనివి

తేలినవి మూడు. వ్యుత్పత్తి వ్యవస్థ స్పానిష్ లోకంలో అధికభాగం పాటించేది, లాటిన్ నుంచి నేరుగా వచ్చినది. లేయీస్మో అన్న పేరు కింద వేర్వేరు వ్యవస్థలున్నాయి, వాటికి లోపలి క్రమం ఉంది. పరోక్ష కర్మ సర్వనామం క్రియతో అన్వయ చిహ్నంగా దాదాపు మారిపోయింది.

తేలనివీ మూడు. కస్తీయ రాశి వ్యవస్థ పుట్టుకలో సంపర్కం పాలెంత, సొంత పరిణామం పాలెంత? బ్వేనోస్ ఐరెస్‌లో కనిపించే జోడింపు మిగతా లోకానికీ విస్తరిస్తుందా, అక్కడే ఆగుతుందా? ‘అసుస్తార్’ వంటి క్రియల్లో ‘లే’, ‘లో’ ఎంపికకు నియమం రాయగలమా, అది వక్త ఉద్దేశానికే వదలాలా?

పాత్ర, స్వభావం, పరిచయం అనే మూడింటిలో ఏదో ఒక్కటే అసలైనదని నిరూపించాలన్న పట్టుదల ఈ చర్చను ఎక్కువగా చిక్కుపరిచింది. ప్రాంతాలు ఈ మూడింటినీ వేర్వేరు పాళ్లలో కలుపుకున్నాయి, ఏ కలయికా అస్తవ్యస్తం కాదు. నేర్చుకునేవారు మాత్రం ఒక వ్యవస్థలో స్థిరపడాలి. పాత్రను ఆధారం చేసుకున్న వ్యుత్పత్తి వ్యవస్థ అన్నిచోట్లా అర్థమవుతుంది, ఎక్కడా తప్పనిపించుకోదు. దానితో మొదలుపెట్టి, మాడ్రిడ్ ‘లే’ను, బ్వేనోస్ ఐరెస్ జోడింపును విని గుర్తుపట్టడం నేర్చుకోవాలి. తెలుగువారికి స్పానిష్ నేర్పేవారు ‘ని’, ‘కి’ల మీద కట్టిన క్రియల జాబితాను తొలి పాఠాల్లోనే చేర్చాలి. మన విద్యార్థులు ఎక్కువగా తడబడేది అక్కడే కాబట్టి, ఆ పని తెలుగు తెలిసిన బోధకులే పూనుకుని చేయాలి.